సైసు లేని గుర్రం

"సైసుని కోసెయ్యి" అన్నాడు గోవిందరాజులు.

మునిర్కా ఫ్రేముల కొట్టువాడు కత్తి పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. బల్ల మీద పాతకాలపు పందెం గుర్రం బొమ్మ. ఎడమవైపు తురాయి పెట్టుకున్న జమీందారు, నడుమ గుర్రం, కుడివైపు దాని కళ్ళెం పట్టుకున్న నౌకరు, సైసు. ఇంట్లోంచి తెచ్చిన బంగారురంగు ఫ్రేమేమో వెడల్పులో జానెడు తక్కువ. ముగ్గురిలో ఎవరో ఒకరు దిగిపోక తప్పదు.

"ఫిర్ ఘోడా కౌన్ పకడేగా, భాయ్‌సాబ్?" అన్నాడు కొట్టువాడు. మరి గుర్రాన్నెవరు పట్టుకుంటారని అతని బాధ.

"అదే నేనూ అంటున్నా. గుర్రాన్ని పట్టుకున్న పాపానికి అతన్నే కోసేస్తారా? కొత్త ఫ్రేము కొనొచ్చుగా" అంది భార్య కృష్ణకుమారి.

"కాగితం గుర్రం ఎక్కడికి పోతుందే? పెద్దవాళ్ళ గోడ మీద సైసుంటే దర్జా చెడుతుంది."

గోవిందరాజులు తొందర గోవిందరాజులుది. అతని గువాహతి బదిలీ ఆర్డరు పై అధికారి పద్మనాభంగారి సంతకం కోసం ఆగివుంది. అది పడితే ఆర్.కె. పురం క్వార్టరు పోతుంది, వచ్చే మార్చిలో, అంటే 2006లో, పన్నెండో తరగతి పరీక్షలు రాయాల్సిన కూతురు ఇషిత చదువు అటకెక్కుతుంది. ఆ పద్మనాభంగారు మద్రాసు పందేల్లో గెలిచిన ఒకానొక గుర్రం బొమ్మ కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నారని ఆఫీసంతటికీ తెలుసు. దరియాగంజ్ పాత పుస్తకాల బజారులో అది కంటబడగానే మనవాడికి దేవుడు కనపడ్డట్టయింది.

సాయంత్రం పద్మనాభంగారు ఫ్రేము అందుకుని, బొమ్మ కింద అచ్చయిన గుర్రం పేరు చదివి, సోఫాలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి. గోవిందరాజులు మనసులోనే గువాహతికి ఓ నమస్కారం పెట్టేసి, నోటికి పని చెప్పాడు. జమీందారు ముక్కూ సార్ ముక్కూ అచ్చు ఒకటేనన్నాడు. గుర్రాలు కట్టేసుకున్న వంశమని మనిషిని చూడగానే తెలుస్తుందన్నాడు.

పద్మనాభంగారు వింటున్నట్టు లేదు. ఆయన వేలు బొమ్మ కుడి అంచు దగ్గర ఆగింది. అక్కడ కళ్ళేన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం మిగిలాయి.

"ఈ చేతి తాలూకు మనిషేడీ?"

"ఎవరో సైసు, సర్. మీ హాలుకి బాగోదని కోయించేశాను."

పద్మనాభంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"జమీందారు పేరు వేశారు, గుర్రం పేరు వేశారు. ఆయన పేరే వెయ్యలేదు. అందుకని గుర్రం పేరు పట్టుకుని వెతికాను, ఇన్నేళ్ళూ" అన్నారు. "గువాహతి రైలెక్కేలోగా ఆ ముక్క తెచ్చివ్వండి గోవిందరాజులుగారూ. అందులో ఉన్నది మా ముత్తాత."