ఎదురింటి సూపు

“కారం డబ్బా ముట్టుకున్నారంటే ఊరుకోను,” అంది రేచెల్ గరిటె ఎత్తి పట్టుకుని.

జోషువా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “చిటికెడు వేస్తే ఏమైపోద్దే? కోడి కడిగిన నీళ్ళలా ఉందది.”

“మలేషియావాళ్ళ సూపు ఇలాగే ఉంటదండి. మన కారం వాళ్ళ నోటికి ఎక్కదు.”

చికెన్ ఉడికించి, ముక్కలు పైకి తీసి, సన్నగా పీచులా విడదీసి పళ్ళెంలో పెట్టింది రేచెల్. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, పసుపు నూరిన ముద్దను నూనెలో వేయించి ఆ నీళ్ళలో కలిపింది. దాల్చినచెక్క, అనాసపువ్వు వేసింది. నిమ్మగడ్డిని నలగ్గొట్టి, ముడి వేసి పడేసింది. తను చూసి నేర్చుకున్న వీడియోలో చెప్పని పని ఒకటి ఆఖర్న చేసింది. రెండు రెబ్బల కరివేపాకు తుంచి వేసింది. ఎదురింటివాళ్ళు పంపే సూపులో ఉంటుంది మరి! ఏ వీడియో కన్నా వండుకు తినేవాళ్ళకే బాగా తెలుస్తుందని ఆమె నమ్మకం.

వాళ్ళు షార్జాలో రోలా దగ్గరి ఈ ఫ్లాట్‌కి మారింది కరోనా రోజుల్లో. ఎవరి మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని కాలమది. వచ్చిన రోజే, పాతవాళ్ళు తలుపు మీద అంటించి వెళ్ళిన చెక్కబోర్డు పీకబోయాడు జోషువా. పూలు చెక్కి ముచ్చటగా ఉంది, పీకితే తలుపు రంగు ఊడి ఓనరుతో తగువొస్తుంది, ఉండనివ్వమంది రేచెల్. దాని మీద అక్షరాలు ఇంగ్లీషువే గాని మాటలు ఇంగ్లీషు కాదు. అదేమిటో తెలుసుకునే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

ఓ సాయంత్రం పసిది కెజియా గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరో తలుపు తట్టారు. తీసేసరికి గుమ్మం ముందు మూతపెట్టిన గాజుగిన్నె ఉంది. ఎదురింటి తలుపు అప్పుడే మూసుకుంటోంది. గిన్నెలో వేడివేడి పసుపుపచ్చ సూపు. ఫొటో తీసి పంపితే, ఆసుపత్రిలో తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు చెప్పింది: “ఇది సోతో. మలేషియావాళ్ళ ఇళ్ళలో చేసుకుంటారు.”

గిన్నె ఖాళీగా తిరిగి పంపితే తెనాలిలో ఉన్న తన తల్లికి అక్కడే పొలమారుతుందని రేచెల్‌కి తెలుసు. అలాగని మన కోడికూర పంపితే పాపం వాళ్ళు తినగలరా? వాళ్ళ వంటే నేర్చుకుని, వండి, గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి వచ్చేసింది. కొన్నాళ్ళకి ఆ గిన్నె మళ్ళీ సూపుతోనే వచ్చింది. ఈమె మళ్ళీ సూపుతోనే పంపింది. గిన్నెకి విశ్రాంతి లేకుండా పోయింది.

“ఒకటి గమనించారా? మొన్న వాళ్ళు పంపినదాంట్లో నిమ్మగడ్డి అచ్చం నేనేసినట్టే ముడేసి ఉంది.”

“నీ దగ్గర నేర్చుకుంటున్నారేమోలే,” అని నవ్వాడు జోషువా. తర్వాత నవ్వు ఆపేశాడు. “రేచెలూ, నిజంగానే పిల్లని చూసుకోమని అడుగుతావా ఎదురింటావిణ్ణి?”

“అడక్కపోతే ఎలాగండి?”

కాన్పుకి పెట్టిన సెలవు ఇక పొడిగించేది లేదని ఆసుపత్రివాళ్ళు తేల్చి చెప్పేశారు. వచ్చే వారం డ్యూటీలో చేరాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. అమ్మని రప్పిద్దామంటే ఇండియా విమానాలు ఆగిపోయాయి. వార్డులో తనవాళ్ళు రెండు షిఫ్టులు లాగుతుంటే ఇంట్లో కూర్చోవడం రేచెల్‌కి ప్రాణసంకటంగా ఉంది. నర్సు పని ఆమెకి అంత ఇష్టం.

“మనిషి ఎవరో, ఏంటో కనుక్కున్నావా?”

“వాచ్‌మన్ని అడిగాను. అచ్ఛే లోగ్ హై మేడమ్ అన్నాడు, మంచివాళ్ళేనట. అంతకుమించి నా హిందీకి అందలేదు.”

“అది చాల్దే. పిల్లకి ఇప్పుడిప్పుడే మాటలు పట్టుకునే వయసు. పొద్దస్తమానం మలేషియా మాటలు వింటే, రేపు మనల్ని ఏమని పిలుద్ది?”

ఆ మాట రేచెల్‌కి గుచ్చుకుంది. తనకి మాత్రం ఆ బెంగ లేదా? జోలపాట కూడా తెలియని చేతుల్లో బిడ్డని పెట్టడం ఏ తల్లికి ఇష్టం? కానీ మొన్నొకరోజు లిఫ్టులో జరిగింది కళ్ళారా చూసింది. మాస్కు పెట్టుకున్న ఆ ఎదురింటి పెద్దావిడ చేతులు చాపితే, అందర్నీ చూసి ఏడ్చే కెజియా ఎగిరి ఆమె చంకెక్కింది. “బేబీ... నైస్,” అని ఆగిపోయిందావిడ. ఇంగ్లీషు అంతేనన్నమాట.

“ఆవిడ దగ్గర నా బిడ్డ ఏడవలేదండి,” అంది రేచెల్. జోషువా కారం డబ్బా తీసి అలమరలో పెట్టేశాడు.

సూపు గిన్నెలో పోసి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లింది. చెప్పాల్సినది సైగలతో అద్దం ముందు సరిచూసుకుంది. బిడ్డని చూపించాలి, గడియారం చూపించాలి, చేతులు జోడించాలి. కెజియాని చంకనేసుకుని, మాస్కు సర్దుకుని వరండా దాటింది. ఈసారి గిన్నె కింద పెట్టి పారిపోలేదు. తలుపు తట్టి అక్కడే నిలబడింది.

తలుపు తెరుచుకుంది. పెద్దావిడ కెజియాని చూడగానే చేతులు చాపింది. అంతలో గిన్నె కంటపడింది. మాస్కు మీద కళ్ళల్లో వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది. రేచెల్ కంగారుగా బిడ్డని చూపించబోయింది. ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి ఊపి, రేచెల్ వాళ్ళ తలుపు మీది చెక్కబోర్డు వైపు ఓసారి చూసి, ఆవిడ లోపలికి తిరిగి ఎవరికో కేకేసింది.

“ఇంటున్నవా, ఎదురింటి మలేషియా పిల్ల మల్ల సూపు తెచ్చిందయ్యా!”