చెవిలో మంత్రం

"ఆ తిరుపాల్ నీ చెవిలో ఏం ఊదినాడు?"

మంచం మీది నాగక్క మూతి బిగించింది. పాము కాటుకు విరుగుడు మందు ఎక్కించారు, ప్రాణభయం లేదని డాక్టరు చెప్పి వెళ్లాడు. అయినా నర్సు అరుణ ఆమెను వదల్లేదు.

"చెప్పకూడదమ్మా. చెప్తే మంత్రం చెడిపోతాదంట."

"మంత్రమా, మట్టిగడ్డా! నిన్ను బతికించింది ఈడ ఎక్కించిన మందు."

"మంత్రం పడినాకే మందు పనిచేస్తాది నర్సమ్మా. మా ఊర్లో ఎవురినన్నా అడుగు."

అరుణకు ఒళ్లు మండింది. నాగక్క నుదుట వేలెడు మందాన విభూతి. కాటు పడిన కాలికి పసుపు పూసిన కర్ర, దాని చుట్టూ పసుపు గుడ్డ. గుట్టకింద పల్లె నుంచి పెనుకొండ ఆసుపత్రికి పాము కాటుతో ఎవరొచ్చినా ఇదే అవతారం. ఈ తంతంతా ముగిసేదాకా ఒంట్లోకెక్కిన విషం ఆగుతుందా?

పోయిన నెల శివశంకర్‌కు ఆగలేదు. గొర్రెలు మేపుకునే కుర్రాడు, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కాలికి తాడు బిగించి, కాటు మీద బ్లేడుతో కోసి, సగం ప్రాణం పోయాక తెచ్చారు. నుదుట విభూతి లేదు. చెమటకు కారిపోయి ఉంటుందిలే అనుకుంది అరుణ. ఆమె చేతుల్లోనే పోయాడు. అతని పెళ్లాం పెట్టిన కేక ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ మంత్రగాణ్ణి జైల్లో పెట్టించందే వదలనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

తిరుపాల్ ఆమెకు కొత్తవాడేం కాదు. పోయినేడు ఆ ఊరి బడిలో పాము కాటు గురించి చెప్పడానికి వెళ్లింది. వచ్చిందే కొద్దిమంది. ఆడవాళ్లు పిల్లల తలల్లో పేలు చూసుకున్నారు, మగవాళ్లు ఫోన్లు చూసుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వెనక గోడకు ఆనుకుని ఈ తిరుపాల్ ఒక్కడే ఆమెనే చూస్తూ, ఆమె ఒక మాట అంటే తానూ పెదాలు ఆడిస్తూ, చివరిదాకా వెక్కిరించాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆదివారం సెలవు చూసుకుని అరుణ గుట్టకింద పల్లెకు వెళ్లింది. వాడి గొంతు ఫోన్లో రికార్డు చేసి పోలీసులకిస్తే చాలు.

తిరుపాల్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పసుపు గుడ్డలు చింపుతున్నాడు. పక్కన నున్నగా చెక్కిన కర్రలు పేర్చి ఉన్నాయి. చూడబోతే వ్యాపారం బాగానే సాగుతోంది.

"రా నర్సమ్మా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. పాము కరిచినోళ్ల చెవిలో ఏం ఊదుతాండావప్పా?"

"గురువు చెప్పిన మంత్రం. బయట పెట్టకూడదు."

"ఎవరా గురువు?"

అతను నవ్వాడు. "చెప్తే నువ్వు నమ్మవులే."

"శివశంకర్‌ను పొట్టన పెట్టుకుని నవ్వడానికి సిగ్గు లేదా?"

తిరుపాల్ నవ్వు ఆగిపోయింది. "ఆ పిల్లోన్ని నా కాడికి తేలేదమ్మా."

దొంగ ఎప్పుడైనా దొంగతనం ఒప్పుకుంటాడా? అరుణ నోరు తెరిచేలోగా వీధి మొగలో ఆటో కీచుమని ఆగింది.

"తిరుపాలన్నా!" నరసప్ప ఏడుస్తూ దిగాడు. లోపల అతని భార్య సిద్ధమ్మ, శనక్కాయ చేలో చేతి మీద కాటు, ముఖం పాలిపోయి ఉంది.

"ఈడ ఆపొద్దు! నేరుగా పెనుకొండకు పోనీ!" అరిచింది అరుణ.

"మంత్రం లేకుంటే నేను యాడికీ రాను," అంది సిద్ధమ్మ వణుకుతూ. నరసప్ప నర్సు వైపు చూడను కూడా లేదు.

తిరుపాల్ అరుణ వైపు తిరిగాడు. "చూస్తివా? నీ మాట ఇంటారా, నా మంత్రం ఇంటారా?"

ఎంత పొగరు! అరుణ పళ్లు కొరికింది. తిరుపాల్ నరసప్ప చేతిలోని తాడు లాక్కుని అవతల పారేశాడు. "నా గుడ్డ తప్ప ఇంకోటి కట్టకూడదు, మంత్రం పారదు." చేతికి కర్ర ఆనించి గుడ్డ వదులుగా చుట్టాడు, నుదుట విభూతి పెట్టాడు, తానూ ఎక్కి కూర్చున్నాడు. "పోనీరా ఆటో, దోవలో చెప్తా."

అరుణ కూడా వెనకే ఎక్కింది. ఇప్పుడు తప్పించుకుంటాడా, చూద్దాం. ఫోన్లో రికార్డు నొక్కి వాళ్లిద్దరి తలల మధ్యకు తన తల దూర్చింది. తిరుపాల్ ఒకసారి ఆమెను చూసి, కళ్లు మూసుకుని, సిద్ధమ్మ చెవిలో మొదలుపెట్టాడు. ఆ మంత్రంలో పల్లె యాసే లేదు.

"భయపడకండి. కాటు పడిన చోటు కదపకండి. తాడు కట్టకండి. బ్లేడుతో కోయకండి. ఎవరేం చెప్పినా వినకుండా ఆసుపత్రికే వెళ్లండి. అక్కడ మందుంది. మీరు బతుకుతారు."

అరుణ ఫోన్లో రికార్డు ఆపేసింది.

అవి పోయినేడు బడిలో ఆమె చెప్పిన మాటలే.