జ్ఞానప్రకాశం మాస్టారి చీటీ

“మాస్టారూ, ఆ గుప్పిట ఒకసారి విప్పండి.”

గొంతు మెల్లగానే ఉంది. అయినా జ్ఞానప్రకాశం మాస్టారు గుప్పిట ఇంకా బిగించారు. తలెత్తి చూస్తే బల్ల పక్కనే రామ్మూర్తి నిలబడి ఉన్నాడు. కాకినాడ నుంచి వచ్చిన ఎమ్మెస్సీ కుర్రాడు, నిండా ముప్పయ్యేళ్ళు లేవు. చుట్టుపక్కల ఊళ్ళ లెక్కల మాస్టార్లందరినీ అమలాపురంలో ఓ హైస్కూల్లో కూర్చోబెట్టి, పది రోజులుగా కొత్త సిలబస్సు పాఠాలు చెబుతున్నది అతనే. ఇవాళ ఆఖరి రోజు. పరీక్ష.

మాస్టారు గుప్పిట విప్పారు. చెమటకి తడిసి ముద్దయిన చీటీ. రామ్మూర్తి తీసుకున్నాడు, మడత విప్పాడు, చదివాడు. చొక్కా జేబులో పెట్టుకుని ముందుకి వెళ్ళిపోయాడు.

నలుగురిలో అరిచినా బాగుండేది.

ఇంకా గంట టైముంది. ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చునే బల్ల అది. మోకాళ్ళు ఇరుక్కుపోయి కాలు కదపడానికి లేదు. మే నెల ఎండకి కాలిన పెంకుల వేడి నెత్తిమీదికి దిగుతోంది. ఎదురుగా ప్రశ్నపత్రం. సమితులట, సమ్మేళనాలట, ఛేదనాలట! ఇరవయ్యారేళ్ళుగా వడ్డీ లెక్కలూ, కాలము–పనీ, రేఖాగణితమూ పుస్తకం చూడకుండా చెప్పిన మనిషి ఆయన. గిన్నె బోర్లించినట్టొకటి, వెల్లకిలా పెట్టినట్టొకటి ఉండే ఈ గుర్తుల్లో ఏది ఏదో మాత్రం రాయబోయేసరికి తారుమారైపోతోంది. అందుకే నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ చీటీ రాసుకున్నారు.

ఈ పరీక్ష తప్పినవాళ్ళకి జూన్ నుంచి పదో తరగతి లెక్కలు ఇవ్వరని సర్క్యులరు వచ్చింది. డ్రిల్లు పీరియడ్లే గతి. తప్పినవాడి సంగతే అలా ఉంటే, చీటీతో దొరికినవాణ్ణి ఏం చేస్తారు?

పక్క బల్ల నుంచి, మురమళ్ళ ఊరి లెక్కల మాస్టారైన బుల్లబ్బాయి ఇటు వంగాడు.

“ఏవైందండీ ప్రకాశంగారూ? ఏం పట్టుకెళ్ళేరండి ఆయన?”

“ఏం లేదండి. రాసుకోండి.”

“మొహం పాలిపోయిందండి మీకు. మంచినీళ్ళు తెప్పించమంటారా?”

“వద్దండీ బాబూ! మీరటు తిరగండి.”

ప్రశ్నలు కనపడుతున్నాయి గాని చదవబుద్ధి కావడం లేదు. మొన్న మార్చి పరీక్షల్లో ఇలాగే చీటీతో దొరికిన తన క్లాసు పిల్ల కనకరత్నం మాటిమాటికీ కళ్ళ ముందుకొస్తోంది. “ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి మాస్టారూ” అని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడిస్తే, “లెక్కకి దయాదాక్షిణ్యాలు ఉండవమ్మా” అని తనే హాల్లోంచి పంపించేశారు. పంపించెయ్యడమే నయం. ఇలా కూర్చోబెట్టడం కన్నా అదే నయం.

ఇక ఉండబట్టక సగం లేచారు. మోకాలు బల్లకి కొట్టుకుని ఠప్పుమంది.

“సార్, ఒక్క నిముషం బయటికెళ్ళి...”

“బెల్లయ్యేదాకా కూర్చోవాలి మాస్టారూ.”

హాల్లో నలభై తలలూ ఇటు తిరిగాయి. మాస్టారు కూర్చుండిపోయారు. గోడ గడియారంలో ముల్లు కదులుతున్నట్టే లేదు. తెల్లకాగితం మీద పేరూ, స్కూలు పేరూ రాసి ఉన్నాయి. కింద రెండు లెక్కలు, అవీ సగం సగం. మూడో లెక్క దగ్గర కలం ఆనించిన చోట సిరా ఊరి మచ్చ పెద్దదవుతోంది.

ఎట్టకేలకి బెల్లయింది. కాగితాలు తీసుకుంటూ వచ్చి రామ్మూర్తి ఆయన బల్ల దగ్గర ఆగాడు.

“మీరు మాత్రం ఉండండి మాస్టారూ.”

అందరూ వెళ్ళిపోయారు. బుల్లబ్బాయి గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి చూసి వెళ్ళాడు. రామ్మూర్తి తలుపు దగ్గరగా వేసి వచ్చి, జేబులోంచి చీటీ తీశాడు.

“ఎవరు రాసేరండి ఇది?”

“నేనేనండి.” మాస్టారు తల దించుకున్నారు. “బుద్ధి గడ్డి తిందండి. మీకన్నా పెద్దవాణ్ణి, చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది.”

రామ్మూర్తి ఆ మాట విన్నట్టు లేదు. చీటీ వెలుగుకేసి పట్టుకుని పైకి చదివాడు.

“ఊళ్ళో ఆవు గాని, కొబ్బరిచెట్టు గాని ఉన్న ఇళ్ళన్నీ తీసెయ్యి. మిగిలినవి ఆవూ లేని, చెట్టూ లేని ఇళ్ళు. సమితుల్లో డీమోర్గాన్ సూత్రం అంటే ఇదే.” చీటీ కిందికి దించాడు. “ఏ పుస్తకంలోదండి?”

వెక్కిరిస్తున్నాడనుకున్నారు మాస్టారు. తల ఇంకా కిందికి వాలిపోయింది.

“పుస్తకం కాదండి. మా వీధిలో ఇళ్ళేనండి. ఆ గుర్తులు బుర్రకెక్కక అలా రాసుకున్నాను. రిపోర్టులో ఏం రాయాలో రాసెయ్యండి. నేను సంతకం పెట్టేస్తాను, ఆయ్.”

రామ్మూర్తి కిటికీ దాకా వెళ్ళి వరండాలోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు. వెనక్కి వచ్చి ఎదురు బల్ల మీద కూలబడ్డాడు. అతని నుదుటి మీదా చెమటే.

“రిపోర్టూ లేదు, ఏమీ లేదండి. ఈ చీటీ నా దగ్గరే ఉంచుకుంటాను, కాస్త విడమరిచి చెప్పండి మాస్టారూ. ఎల్లుండి కొత్తపేటలో ఇంకో యాభై మందికి ఈ పాఠం చెప్పాలి. నాకే ఇంతవరకూ అర్థం కాలేదండి!”