జట్టులో మూడోవాడు

ఆ సాయంత్రం కూడా మూడోవాడు వచ్చి ఊరికే నిలబడ్డాడు.

ఆయేషాకు ఒళ్లు మండింది.

ఎదురుగా రాక్షసుడు గద తిప్పుతున్నాడు. ఆమె బాణాలు వేస్తోంది. యాసీన్ కత్తితో నరుకుతున్నాడు. వాడు మాత్రం ఇద్దరి మధ్యా నిలబడి ఒక్క దెబ్బ కూడా వేయడు.

ఫోనులో ఆట అది. ముగ్గురుంటేనే జట్టు.

ఆయేషాకు పెళ్లయి రెండు నెలలు. అందులో యాసీన్ ఇంట్లో ఉన్నది పద్దెనిమిది రోజులే. అతను బొగ్గు ఓడలో ఫిట్టరు. ఆ ఓడ ఇప్పుడు కృష్ణపట్నం ఎదురుగా సముద్రంలో లంగరు వేసుకుని ఉంది. దిగడానికి అనుమతి లేదు. ఫోను సిగ్నల్ మాత్రం అందుతోంది.

ముత్తుకూరులో వాళ్ల ఇల్లు చిన్నది. కాస్త గట్టిగా నవ్వితే వీధికి వినిపిస్తుంది. కింద గదిలో యాసీన్ అక్క ఇమాంబీ పరుపులు కుడుతూ ఉంటుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఉదయం యాసీన్ ఫోను చేస్తే, తిన్నావా అని ఒక్క మాట అడిగి, ఫోను ఆయేషా చేతిలో పెట్టేస్తుంది. కొత్త జంట మధ్య తనెందుకని.

వదిన ముందు మొగుడితో ఏం మాట్లాడుతుంది? ఊ, సరే, అలాగే.

అందుకే ఈ ఆట మొదలుపెట్టారు. అతని డ్యూటీ దిగాక, సాయంత్రం ఒక గంట. ఆయేషా మిద్దెక్కి, పిట్టగోడకు ఆనుకుని, సముద్రం ఉన్న వైపు తిరిగి కూర్చుంటుంది. ఓడ కనిపించదు. అయినా అటే.

ఆటలో ఇద్దరికి మాత్రమే కనిపించేలా రాసుకోవచ్చు. చేపల పులుసులో మామిడికాయ వేశానని ఆమె రాస్తే, వాసన ఇక్కడికి కొట్టింది అని అతను రాస్తాడు. ఆ ఒక్క ముక్క చాలు, మర్నాడు అంట్లు తోముతూ కూడా నవ్వుకుంటుంది.

ఆ రాక్షసుడి కోట గెలిస్తే ఆటలో ఒక ఇల్లు ఇస్తారు. నీలం తలుపులు, వాకిట్లో రెండు కుర్చీలు.

ఓడ కదిలేలోపు ఆ ఇల్లు గెలవాలని ఆయేషా పంతం. కదిలిందంటే నలభై రోజులు సిగ్నల్ ఉండదు. ఆ నలభై రోజులూ కనీసం ఆ కుర్చీలో కూర్చుని ఎదురుచూడవచ్చు.

ఏడింటికి లంగరు ఎత్తుతారు. ఇప్పుడు ఆరు దాటింది.

మూడోవాడి పేరు ప్లేయర్ 4471. ఆట మొదట్లో ఇచ్చిన పేరు మార్చుకోవడం కూడా చేతకానివాడు. పది రోజుల కిందట, దగ్గర్లో ఉన్న ఆటగాళ్ల జాబితాలో అందరికన్నా పైన కనిపిస్తే చేర్చుకుంది. ఊళ్లో ఎవరో పనీపాటా లేని కాలేజీ కుర్రాడనుకుంది. ఏం రాసినా జవాబివ్వడు. ఆట ముగిశాక లెక్క చూస్తే వాడు కొట్టిన దెబ్బలు ఎప్పుడూ సున్నా.

వాణ్ణి తీసేస్తానని ఆయేషా రాసింది.

"ఉండనీలే పాపం. వాడొచ్చినాకనే మనం చావకుండా ఉండేది" అని రాశాడు యాసీన్.

"చావకుండా ఉంటే ఇల్లిస్తారా? కొట్టేవాడు కావాల."

తీసేసింది.

కొత్తగా చేరినవాడు గూడూరు నుంచి నరేంద్రబాబు. పిడుగులా కొట్టాడు. ఆయేషా మురిసిపోయింది.

రెండు నిమిషాలు కాకముందే యాసీన్ వీరుడు కూలిపోయాడు. తర్వాత ఆమె. మళ్లీ ఆడారు. మళ్లీ అంతే. నరేంద్రబాబు విసుక్కుని వెళ్లిపోయాడు.

అప్పుడు తెరిచింది ఆయేషా, ప్లేయర్ 4471 పేజీ.

ఆటలో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక పాయింటు వస్తుంది. కత్తికో బాణానికో పెట్టుకోవచ్చు. లేదంటే, ఏమీ నొక్కకుండానే వాటంతటవే పనిచేసే శక్తులకు పెట్టుకోవచ్చు. అందరూ ఆయుధాలకే పెడతారు.

వాడు ఆయుధానికి ఒక్కటీ పెట్టలేదు. పక్కవాళ్ల గాయం మానేలా చేసేది. పక్కవాళ్లకు చలి తగలనివ్వనిది. పక్కవాళ్ల మీద పడే దెబ్బలో సగం తన మీద వేసుకునేది. ఈ మూడూ నిండుగా పెంచుకున్నాడు.

ఇన్ని రోజులూ సగం దెబ్బలు వాడు తిన్నాడు.

ఆయేషా గబగబా వాడికి మళ్లీ పిలుపు పంపింది. జవాబు లేదు. ఇంకోటి పంపింది. లేదు.

ఏడుకు ఇరవై నిమిషాలుండగా యాసీన్ రాశాడు. "ముందే ఎత్తేసినారు. సిగ్నల్ పోతా ఉండాది. అక్క జాగ్రత్త, నువ్వు జా"

అంతే. అతని వీరుడు తెర మీద బూడిద రంగుకు తిరిగాడు.

ఆయేషా కాసేపు తూర్పుకేసి చూసింది. ఉప్పుగాలి తప్ప ఏమీ లేదు. కళ్లు తుడుచుకుని మెట్లు దిగింది. ఓడ వెళ్లిపోయిందని వదినకు చెప్పాలి.

కింద ఇమాంబీ ఒడిలో సగం కుట్టిన పరుపును పక్కకు తోసి, తన ఫోనును కొంగుతో తుడుస్తోంది. తుడిచి బొటనవేలితో నొక్కుతోంది. మళ్లీ తుడుస్తోంది.

"వచ్చినావా ఆయేషా. ఇందులో ఏందో వచ్చింది, నొక్కి పెట్టమ్మా. దబ్బనం పట్టి కాయలు కాసిన వేలు గదా, ఎంత నొక్కినా ఫోనుకు తెలియడం లేదు."

ఆయేషా ఫోను అందుకుంది.

"బిన్నా నొక్కు, తొందరగా, ఏడింటిదాకా ఉంటాడు గదా తమ్ముడు, నొక్కే పని లేనివే పెంచుకోని ఇన్నాళ్లూ వాడి పక్కన నిలబడినా, ఇయ్యాళ ఎందుకో నన్ను బయటికి పంపేసినారు."