మూడో పన్ను

బంగారం ధర పలికే మత్సుతాకే పుట్టగొడుగు మొలిచే చోటు కన్నకొడుక్కైనా చెప్పకూడదన్నది ఆ కొండ ఊరి కట్టుబాటు. తోరాకిచి పెళ్ళానికి కూడా చెప్పకుండానే చనిపోయాడు. పైన్ చెట్ల కింద రాలిన సూదుల్లాంటి ఆకు ఊడ్చే దిక్కులేక మిగతా కొండల్లో ఆ పుట్టగొడుగు ఎప్పుడో కనుమరుగైంది.

అతని భార్య షిజునో మాత్రం ఊరుకోలేదు. మూడేళ్ళు వెతికి, వాసన పట్టి, ఆ చోటు తనే కనిపెట్టింది. ఎవరి కంటా పడకుండా చీకట్లో వెళ్ళి, మొగుడి వెదురు దంతెతో ఆకు లాగి, నేలకు ఊపిరాడేలా చేసేది. ఈ ఏడాది తొమ్మిది మొలిచాయి.

ఆ రాత్రి దంతె భుజాన వేసుకుని వెళ్ళేసరికి నేల అప్పుడే ఊడ్చి ఉంది. లాంతరు వంచి చూసింది. నేల మీద దంతె గీతలున్నాయి. మూడో గీత ఉండాల్సిన చోట ఖాళీ. భుజం మీది దంతె తడిమింది. దాని మూడో పన్ను విరిగి ఇరవయ్యేళ్ళయింది.

చెట్ల వెనక బరబరా ఆకు లాగుతున్న చప్పుడు. షిజునో నడుం నిటారుగా నిలబెట్టింది.

"నువ్వు చెప్పకపోతే నాకు దొరకదనుకున్నావా?" అంది. "తొమ్మిదయ్యా. నీ హయాంలో ఏడు దాటిందా ఎప్పుడైనా?"

చప్పుడు ఆగిపోయింది.

సరిగ్గా ఆమె చెవి పక్కన, ఓ గొంతు మెల్లగా ఒప్పుకుంది.

"పది. కాలు తియ్యి, పదోదాన్ని తొక్కుతున్నావు."