ఒంటికన్ను సిగ్నల్

"కొండ జరిగింది. ఎవరు జరిపారు?"

రైలు డ్రైవరు కేక విని భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. భోజనాల బల్లనంతా ఆక్రమించుకున్న ప్లైవుడ్ పలక మీద పట్టాలు, వంతెన, నీళ్ళ ట్యాంకు, స్టేషను ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత పేపర్లు నానబెట్టి చేసిన కొండ మాత్రం వేలెడు పక్కకు తప్పుకుని పట్టాల వంపు మీదికొచ్చింది.

"బల్ల తుడుస్తుంటే చెయ్యి తగిలిందేమోనండీ. వెనక్కి జరిపేస్తే పోలా?"

"పోదు. రేపు విచారణ కమిటీ ముందు ఈ కొండ వేలెడు జరిగితే, నా ఉద్యోగం మూరెడు జరుగుతుంది."

ఈ బొమ్మ రైలు ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి అందరూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని నేల మీదే తింటున్నారు. అయినా ఆమెకు విసుగు లేదు. భయమే ఉంది.

కిందటి నెల ఒక తెల్లవారుజామున మొగుడి బండి సిగ్నల్ దాటిపోయి, ముందు ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. గూడ్సు గార్డుకు కాలు పోయింది. సిగ్నల్ పచ్చగా ఉందంటాడు డ్రైవరు. ఎర్రగానే ఉందంటాడు పక్కవీధిలో ఉండే, ఆ సిగ్నల్ మరమ్మతులు చూసే ఫిట్టరు. కొండ దగ్గర వంపులో డ్రైవరు కునుకు తీశాడని, అసలు సిగ్నల్ వంకే చూడలేదని అతని వాదన. రేపటి విచారణలో ఇద్దరిలో ఎవరో ఒకరి కొలువు ఊడటం ఖాయం. వంపు తిరగ్గానే సిగ్నల్ కొట్టొచ్చినట్టు కనపడుతుందని రుజువు చేయడానికే ఈ తంటా అంతా.

పొద్దున ఫిట్టరు భార్య గుమ్మంలోకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అక్కా, మా ఆయన ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదు. మీవారిని ఇంకోసారి ఆలోచించుకోమనండి."

"మావారు కళ్ళు మూసుకుని బండి నడిపారంటావా? ఏటేటా కళ్ళ పరీక్షలో డాక్టరు రంగు చుక్కల పుస్తకం పేజీ తిప్పేలోపే అంకె చెప్పేసే మనిషి ఆయన. మా మామగారూ డ్రైవరే. ఆ పుస్తకం చిన్నప్పుడే ఈయన చేత కంఠతా పట్టించారు. వెళ్ళిరా."

అని ముఖం మీదే తలుపేసింది. వేశాక చాలాసేపు మనసు చివుక్కుమంటూనే ఉంది. పాపం, ఆమెకీ ఇద్దరు పిల్లలు.

మధ్యాహ్నం డ్రైవరు భార్య తమ్ముడు తన ఫోన్ల రిపేరు కొట్టు కట్టేసి, సామాను సంచీతో వచ్చాడు. బల్ల కింద దూరి తీగలు అతికించసాగాడు.

"ఎర్ర తీగ ఇలా ఇవ్వు బావా."

"నువ్వే తీసుకోరా. నా చేతినిండా జిగురు."

"ఈయన ఇంతే. చెట్లకు రంగులేయడం నా నెత్తినే రుద్దారు," అంది అక్క. "పట్టాలంటే ప్రాణం, రంగు డబ్బా అంటే ఒళ్ళు బరువు!"

డ్రైవరు నవ్వలేదు. పలక మీది సిగ్నల్ స్తంభాన్ని చూస్తున్నాడు. పైన పచ్చ, కింద ఎరుపు, రెండు చిన్న దీపాలు. నిన్నటిదాకా దానితోనే సాధన చేశారు. తమ్ముడు ఏ దీపం వేసినా బావ తడుముకోకుండా చెప్పాడు.

"ఇది పనికిరాదు," అన్నాడు డ్రైవరు. "అక్కడ ప్రమాదానికి కాస్త ముందే పాత స్తంభం పీకేసి కొత్తరకం పెట్టారు కదా. ఒకటే అద్దం, రెండు రంగులూ అందులోంచే. ఇది చూస్తే కమిటీవాళ్ళు నవ్విపోతారు."

"అందుకేగా తెచ్చాను!" తమ్ముడు సంచీలోంచి కొత్త స్తంభం తీశాడు. దానికి ఒకటే దీపం. "ఒంటికన్ను సిగ్నల్. ఒక మీట నొక్కితే ఎరుపు, ఇంకోటి నొక్కితే పచ్చ."

బిగించడం పూర్తయ్యింది. డ్రైవరు కొండను మళ్ళీ కొలిచి, సరైన చోట అతికించాడు. భార్య కర్టెన్లు వేసి గదిని చీకటి చేసింది. అతను మోకాళ్ళ మీద కూచుని, చెంప పలకకు ఆనించి, బొమ్మ ఇంజను వెనకనుంచి చూపు సారించాడు.

"ఏ రంగు వేస్తావో చెప్పకు. ఎవరూ చూచాయగా కూడా చెప్పకండి. నేనే చెబుతాను."

"అలాగే బావా."

బండి కదిలింది. వంతెన దాటింది. కొండ పక్కన వంపులోకి దూరింది. ఇక్కడ కనపడకపోతే అంతే సంగతులు. రేపు ఫిట్టరుదే గెలుపు.

"ఆఁ, వచ్చింది! కనపడుతోంది!" డ్రైవరు అరిచాడు. "వంపు తిరగ్గానే కనపడుతోంది. కొండ అడ్డమే లేదు. కునుకు తీశానన్నాడే వాడు! ఇప్పుడేమంటాడు?"

"దీపం ఏ రంగు బావా?"

"పచ్చ. నిఖార్సయిన పచ్చ! అచ్చం ఆరోజు నేను చూసినట్టే ఉందిరా."

తమ్ముడు మీట మీద వేలు అలాగే ఉంచి అక్క ముఖంలోకి చూశాడు. బొమ్మ రైలు స్తంభం దాటుకుని వెళ్ళి, ముందు నిలబెట్టిన గూడ్సు పెట్టెను టక్కున తగిలి ఆగింది.

పొద్దున తను తలుపేసిన ముఖం భార్యకు కళ్ళముందు మెదిలింది. ఆమె తలతిప్పి ఒంటికన్ను సిగ్నల్ వంక చూసింది.

వెలుగుతున్నది ఎర్ర దీపం.