కొంగ వైద్యుడు మెడ తిప్పిన రోజు

తన ఈడు పిల్లలంతా చెట్లెక్కి దిగుతుంటే, ఉడుతమ్మ కొడుకు బుడ్డోడు మాత్రం ఇంకా చెట్టు మొదట్లోనే కూర్చుని పైకి చూస్తుండేవాడు. తల్లికి గుబులు పుట్టింది. వాణ్ణి వీపున వేసుకుని మడుగు దగ్గరున్న కొంగ వైద్యుడి దగ్గరికి పోయింది.

కొంగగారు పేరున్న వైద్యుడే. కాకపోతే చేప జారిపోతుందని నీళ్ళ మీంచి చూపు తిప్పడు. ఒడ్డున నిలబడ్డ రోగి నీడ నీళ్ళలో పడితే, దాన్నే చూసి జబ్బు చెప్పేస్తాడు.

"వణుకుడు రోగం. వీడిక చెట్టెక్కడు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో ఏమో. తర్వాత ఎవరు?" అన్నాడు.

ఉడుతమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకున్న తాబేలు తాత మెల్లగా, "ఏడవకమ్మా, నాకూ వణుకుడే అన్నాడు. బండరాయిని తెచ్చి ఒడ్డున పెట్టినా అదే అంటాడు" అన్నాడు.

ఉడుతమ్మ కళ్ళు తుడుచుకుని మడుగులోకి చూసింది.

"అయ్యా, వణికేది నీళ్ళండీ. నా బిడ్డ ఇక్కడున్నాడు. ఒక్కసారి ఇటు తిరగండి."

కొంగ విసుక్కుంటూ మెడ తిప్పాడు. ఆ సందులో చేప కాస్తా జారుకుంది. బుడ్డోడు ఆయన పొడుగు ముక్కు చూసి కిలకిలా నవ్వాడు. కొంగ వాడి కాళ్ళు పట్టి చాలాసేపు చూశాడు.

"గోళ్ళకింకా పట్టు రాలేదు. ఎక్కుతాడో లేదో ఇప్పుడే చెప్పలేనమ్మా. ముందు వంగిన కొమ్మ మీద నడిపించు. మళ్ళీ తీసుకురా, చూస్తాను."

"చూస్తానన్నారు, అదే పదివేలండీ" అంది ఉడుతమ్మ.

అప్పట్నుంచి రోగులంతా కొంగగారి వెనకాలే కూర్చుంటున్నారు. పాపం, ఆయనకి మెడ తిప్పక తప్పడం లేదు. చేపలకి మాత్రం హాయిగా ఉందట.